మూసిన గది వెనుక ఏముంది? కలకత్తా దెయ్యాలు, సినిమాలు, ఒక వీడియో గేమ్

2010 నవంబరులో కలకత్తా నుంచి ఒక వార్త వచ్చింది. అలీపూర్‌లో నేషనల్ లైబ్రరీ ఉన్న పాత భవనం బెల్వెడేర్ హౌస్‌లో, కింది అంతస్తులో, ఎవరికీ తెలియని గది ఒకటి బయటపడిందని. దాదాపు వెయ్యి చదరపు అడుగుల చోటు. తలుపు లేదు, కిటికీ లేదు, పైనుంచి దిగే దారి కూడా లేదు. పురావస్తు శాఖ వాళ్ళు మరమ్మతులు చేస్తుంటే కనబడింది.

ఆ భవనం సామాన్యమైనది కాదు. వారెన్ హేస్టింగ్స్ పేరుతో ముడిపడినది. 1780లో హేస్టింగ్స్, ఫిలిప్ ఫ్రాన్సిస్ పిస్తోళ్ళతో ద్వంద్వయుద్ధం చేసింది ఆ దగ్గర్లోనే. తర్వాత బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు అందులో నివసించారు. రాత్రిపూట లైబ్రరీలో అడుగుల చప్పుడు వినిపిస్తుందని ఎప్పటినుంచో కథలున్నాయి. ఇక తలుపులేని గది దొరికితే పత్రికలు ఊరుకుంటాయా? తెల్లదొరలు మనవాళ్ళను చిత్రహింసలు పెట్టిన కొట్టు అన్నారు. నిధి దాచిన చోటు అన్నారు. అస్థిపంజరాలు ఉంటాయన్నారు.

2011లో తేలిందేమిటంటే, లోపల ఉన్నది మట్టి. కేవలం మట్టి. గది అనుకున్నది గదే కాదు.

ఈ రెండో వార్తను ఎంతమంది చదివారో మీరే ఊహించుకోండి. మొదటి వార్త మాత్రం ఇప్పటికీ ఇంటర్నెట్‌లో 'కలకత్తాలో దెయ్యాలు తిరిగే పది చోట్లు' లాంటి జాబితాల్లో తిరుగుతూనే ఉంది.

భయపెట్టే వీడియో గేమ్ ఆడేవాళ్ళకు ఈ మూసిన గది బాగా తెలుసు. అలాంటి ఆటలో తాళం వేసిన తలుపు కనబడిందంటే లోపల ఏదో ఉండి తీరాలి. తాళంచెవి గానీ, ఉత్తరం ముక్క గానీ, మీదపడే పిశాచం గానీ. ఆటను తయారుచేసినవాడు ఊరికే గది కట్టడు, కడితే ఖర్చు. కల్పించిన లోకంలో ప్రతి తలుపుకూ అర్థం ఉంటుంది. మనం బతికే లోకంలో అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. ఇక్కడ మూసిన గదిలో చాలాసార్లు మట్టే ఉంటుంది. ఈ తేడా చెరిగిపోవడం ఎక్కడ మొదలవుతుందన్నదే ఈ వ్యాసంలో నేను చూడదలచుకున్న సంగతి. ఒక భయం కథ కాగితం నుంచి గానీ, ఆట నుంచి గానీ సినిమాకు ఎక్కేటప్పుడు ఏం పోతుంది? నాకు తెలిసినంతలో మొట్టమొదట పోయేది సందేహం.

ముందు ఆట సంగతి చెప్పి, తర్వాత కలకత్తాకు వస్తాను.

1999లో జపాన్ కంపెనీ కొనామి ప్లేస్టేషన్ మీద 'సైలెంట్ హిల్' అనే ఆట విడుదల చేసింది. హ్యారీ మేసన్ అనే తండ్రి కారు ప్రమాదం తర్వాత కూతురు కనబడక, మంచు కమ్మిన ఒక ఊళ్ళో వెతుక్కుంటూ తిరుగుతాడు. ఆ మంచు చూసి ప్రపంచమంతా జడుసుకుంది. కానీ మంచు ఎందుకు పెట్టారు? ఆనాటి ప్లేస్టేషన్‌కు దూరంగా ఉన్న వీధులను, ఇళ్ళను ఒక్కసారిగా గీసి చూపించే శక్తి లేదు. అందుకని నాలుగడుగుల దూరం తర్వాత అంతా పొగమంచుతో కప్పేశారు. యంత్రం చేతకానితనాన్ని దాచిపెట్టడానికి వేసిన తెర అది. చూసేవాడికి అదే పరలోకంలా కనిపించింది. మన బాబాల గదుల్లో వెలుతురు ఎందుకు తక్కువగా ఉంటుందో తెలిసిన హేతువాదికి ఇందులో వింతేమీ ఉండదు.

ఆ ఆటకు ఐదు ముగింపులున్నాయి. మీరు ఆడిన తీరును బట్టి ఏదో ఒకటి వస్తుంది. ఒకదాంట్లో హ్యారీ ఊరినుంచి తప్పించుకుంటాడు. ఇంకొకదాంట్లో అతను ప్రమాదం జరిగిన కారులోనే చచ్చిపడి ఉంటాడు, అంటే మనం గంటల తరబడి చూసిందంతా ప్రాణం పోయే మనిషి బుర్రలో మెదిలిందేనేమో. మరొకదాంట్లో ఎగిరే పళ్ళెం వచ్చి అతన్ని ఎత్తుకుపోతుంది, అది తయారుచేసినవాళ్ళు తమ మీద తామే వేసుకున్న జోక్. ఏది నిజం? ఆట చెప్పదు.

2006లో క్రిస్టఫ్ గాన్స్ దీన్ని సినిమాగా తీశాడు. స్క్రీన్‌ప్లే రోజర్ ఆవరీ. తండ్రి స్థానంలో తల్లి వచ్చింది. అది పెద్ద విషయం కాదు. పెద్ద విషయం ఏమిటంటే, ఐదు ముగింపులు ఒక్కటయ్యాయి. సినిమాకు రీలు ఒక్కటే కదా. మరణించేవాడి భ్రమ అనే అవకాశం పోయింది, ఎగిరే పళ్ళెం జోక్ పోయింది. ఆ చీకటి లోకం నిజంగానే ఉంది అన్న ముగింపు మిగిలింది. తల్లీబిడ్డలు ఇంటికి వస్తారు గానీ పొగమంచు లోకంలోనే ఉంటారు. భర్త అదే ఇంట్లో మామూలు లోకంలో ఉంటాడు. రెండు లోకాలూ నిజమే.

ఇంకో సంగతి ఉంది. సినిమాకు యంత్రం ఇబ్బంది లేదు కాబట్టి మంచుకు వేరే కారణం కావాలి. ఆవరీ అమెరికాలోని పెన్సిల్వేనియాలో సెంట్రాలియా అనే ఊరిని తీసుకున్నాడు. అక్కడ 1962 నుంచి భూమికింద బొగ్గు తగలబడుతోంది, జనం ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. సినిమాలో పొగమంచుతో పాటు ఆకాశం నుంచి బూడిద రాలుతుంది. ఆటకు సెంట్రాలియాతో ఏ సంబంధమూ లేదు. కానీ సినిమా తర్వాత సెంట్రాలియా 'అసలు సైలెంట్ హిల్' అయిపోయింది. యాత్రికులు వచ్చి, వదిలేసిన పాత రోడ్డుమీద రంగులతో రాతలు రాసేవారు. 2020 ఏప్రిల్‌లో ఆ రోడ్డును మట్టితో కప్పేశారు. కథ ఆట నుంచి సినిమాకు, సినిమా నుంచి వీధిలోకి నడిచొచ్చి నిజమైన ఊరి పేరు తగిలించుకున్న తీరు చూడండి.

భూమికింద బొగ్గు తగలబడటం మనకు తెలియనిదా? కలకత్తాకు బొగ్గు పంపే ఝరియాలో 1916లోనే మంటలు కనుగొన్నారు. అక్కడ నేల కుంగి ఇళ్ళు కూలుతున్నాయి, కుటుంబాలను వేరేచోటికి తరలిస్తున్నారు. అక్కడివాళ్ళకు దెయ్యం అక్కర్లేదు. గని యాజమాన్యాలు చాలు.

ఇప్పుడు కలకత్తా. తెలుగు హేతువాదులకు బెంగాల్ అంటే ఎం.ఎన్. రాయ్ గుర్తుకు వస్తాడు, సహజం. కానీ అదే బెంగాల్ 19వ శతాబ్దంలో ఆత్మలతో మాట్లాడే విద్యకు మన దేశంలో పెద్ద కేంద్రం. పేరొందిన రచయిత ప్యారీచంద్ మిత్ర ఆత్మవాదంలో మునిగి తేలాడు. 1882లో బ్లావట్‌స్కీ, ఆల్కాట్ కలకత్తా వచ్చి బెంగాల్ దివ్యజ్ఞాన సమాజం పెడితే ఆయనే మొదటి అధ్యక్షుడు. టాగూర్ సొంత అక్క స్వర్ణకుమారి దేవి ఆ సమాజపు మహిళా శాఖకు అధ్యక్షురాలు. 1885 డిసెంబరులో లండన్ నుంచి హాడ్జ్‌సన్ నివేదిక వచ్చి, మద్రాసు అడయారులో బ్లావట్‌స్కీ చూపిన అద్భుతాలు బూటకమని తేల్చింది. చదువుకున్న బెంగాలీ ఇళ్ళల్లో దీనిమీద ఎన్ని వాదాలు జరిగి ఉంటాయో!

ఈ నేపథ్యం తెలిస్తే 1895లో టాగూర్ రాసిన 'క్షుధిత పాషాణ్' కథ ముగింపు నవ్వు తెప్పిస్తుంది. కథ చాలామందికి తెలిసిందే. దీనికి బీజం ఆయన పదిహేడేళ్ళ వయసులో, 1878లో, అహ్మదాబాద్ షాహీబాగ్ భవనంలో పడింది. జడ్జిగా ఉన్న అన్న సత్యేంద్రనాథ్ ఇంట్లో అప్పుడు ఉన్నాడు. కథలో మాత్రం భవనం నిజాం రాజ్యంలోకి వచ్చింది. హైదరాబాద్ నిజాం సర్కారు కొలువులో పత్తి మీద సుంకం వసూలు చేసే ఉద్యోగి, పాడుబడిన పాలరాతి మహల్లో రాత్రిళ్ళు గడుపుతాడు. రెండున్నర శతాబ్దాల నాటి అంతఃపుర స్త్రీలు అతనికి గాలిలో, గజ్జెల చప్పుడులో తగులుతారు. తెల్లవారితే ఒక పిచ్చివాడు అంతా అబద్ధం, దూరంగా పొండి అని అరుస్తూ మహలు చుట్టూ తిరుగుతుంటాడు.

అయితే ఈ కథంతా మనకు చెప్పేది ఎవరు? రైలు కోసం ఆగిన స్టేషన్‌లో తగిలిన ఒక మాటకారి. వినేది ఇద్దరు: కథకుడు, ఆయన దివ్యజ్ఞాన సమాజపు బంధువు. అసలు రహస్యం చెప్పబోయే ముందే రైలు వచ్చేస్తుంది. మొదటి తరగతి పెట్టెలోని ఇంగ్లీషు దొర ఆ మాటకారిని గుర్తుపట్టి లోపలికి పిలుచుకుంటాడు. కథ తెగిపోతుంది. కథకుడు అప్పుడంటాడు, ఆ మనిషి మనల్ని వెర్రివాళ్ళను చేశాడు, ఇదంతా కల్పనే అని. బంధువు ఒప్పుకోడు. ఈ తగాదాతో ఇద్దరికీ జన్మలో మాటల్లేకుండా పోయాయి. అక్కడితో ఆపేశాడు టాగూర్.

దెయ్యం కథ చివర ఒక హేతువాదికీ ఒక దివ్యజ్ఞానికీ చెడటం! తక్కిన కథంతా ఎంత మత్తుగా ఉన్నా, ఈ చివరి నాలుగు వాక్యాలు చదివాక దాన్ని మీరు సాక్ష్యంగా తీసుకోలేరు. చెప్పినవాడెవడో తెలియదు, చెప్పింది పూర్తికాలేదు, విన్నవాళ్ళలో ఒకడు నమ్మలేదు.

1960లో తపన్ సిన్హా దీన్ని సినిమా తీశాడు. సౌమిత్ర చటర్జీ, అరుంధతీ దేవి నటులు, ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సంగీతం. మంచి సినిమా, వాదం లేదు. కానీ కథలో పావడా గరగరగా, అత్తరు వాసనగా మాత్రమే ఉన్న స్త్రీకి ఇప్పుడు ముఖం వచ్చింది. అరుంధతీ దేవి ముఖం. ఎదురుగా నిలబడి చూసే మనిషిని 'ఈమె లేదేమో' అని అనుమానించడం ప్రేక్షకుడికి కష్టం. కెమెరాకు 'అట' అనడం రాదు. తెలుగులో ఎంత చక్కటి మాట అది! 'ఆ ఇంట్లో దెయ్యం ఉందట' అంటే చెప్పేవాడు బాధ్యత తన మీద వేసుకోవడం లేదు. సినిమా వ్యాకరణంలో ఆ 'అట' లేదు. చూపించిందంటే ఉందన్నమాటే. పట్టుబట్టి పెట్టాలంటే వేరే దారులు వెతకాలి.

మరుసటి ఏడాది టాగూర్ శతజయంతికి సత్యజిత్ రాయ్ 'తీన్ కన్యా' తీశాడు. మూడు కథల్లో ఒకటి 'మణిహారా', 1898 నాటి టాగూర్ కథ. ఇందులో మార్పు ఇంకా స్పష్టంగా పట్టుకోవచ్చు.

కథలో పాడుబడిన రేవు మెట్ల మీద ఒక బడిపంతులు అపరిచితుడికి పక్కనున్న శిథిల భవనం కథ చెబుతాడు. వ్యాపారంలో చిక్కుల్లో పడ్డ ఫణిభూషణ్ సాహా భార్య నగలు అడుగుతాడు. నగలే ప్రాణంగా ఉన్న మణిమాలిక వాటిని ఒంటినిండా పెట్టుకుని పుట్టింటికని బయలుదేరి మాయమైపోతుంది. తర్వాత రాత్రిళ్ళు నగలు తొడుక్కున్న అస్థిపంజరం రేవు మెట్లెక్కి వస్తుంది. ఫణిభూషణ్ దానివెంట నదిలోకి నడిచిపోతాడు. కథ అయ్యాక, నమ్ముతారా అన్న ప్రశ్న వస్తుంది. నమ్మనంటాడు పంతులే! కారణాలు కూడా చెప్పబోతాడు. ప్రకృతి నవలలు రాసే మనిషి కాదు, ఆమెకు బోలెడు వేరే పనులున్నాయి అన్నది మొదటి కారణం. రెండోది అందుకునేది విన్నవాడు: నా పేరే ఫణిభూషణ్ సాహా. పంతులు ఏమాత్రం సిగ్గుపడకుండా, మీ భార్య పేరేమిటని అడుగుతాడు. మణిమాలిక కాదు, నృత్యకాళి.

అంతే. చచ్చాడన్నవాడు బతికి కూర్చున్నాడు. పెళ్ళాం పేరు కూడా తప్పు. ఊరి పుకారు ఎలా పుడుతుందో, ఒక నిజమైన పేరు చుట్టూ ఎంత కల్పన అల్లుకుంటుందో ఇంత క్లుప్తంగా చూపించిన కథ నేను చదవలేదు. పుకారును దాని సొంతదారుడి ముందే పెట్టి కూల్చాడు.

రాయ్ సినిమాలో కూడా పంతులున్నాడు, రేవు మెట్లున్నాయి, శాలువా కప్పుకున్న శ్రోత ఉన్నాడు. కాళీ బెనర్జీ, కణికా మజుందార్ భార్యాభర్తలు. కొత్త నగల పెట్టెను గాజులు తొడుక్కున్న ఎముకల చెయ్యి లాక్కునే షాట్ చూసి ఆ రోజుల్లో హాల్లో కేకలు పెట్టి ఉంటారు. చివరికి శ్రోత, మీరు చెప్పినదాంట్లో చాలా తప్పులున్నాయి, నేనే ఫణిభూషణ్‌ని అంటాడు. ఇంతవరకూ టాగూరే. తర్వాత ఆ మనిషి గాలిలో కలిసిపోతాడు.

అదే మాట, అదే పేరు, కానీ అర్థం తలకిందులు. కథలో ఫణిభూషణ్ బతికి ఉండటం దెయ్యం లేదనడానికి రుజువు. సినిమాలో ఫణిభూషణ్ మాయమవడం దెయ్యం ఉందనడానికి రుజువు. టాగూర్ కొట్టేసిన దెయ్యాన్ని రాయ్ తిరిగి లెక్కలో వేశాడు. కొసమెరుపుగా బాగుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. హాలునుంచి బయటికొచ్చేవాడికి గగుర్పాటు కావాలి. అయినా ఆ గగుర్పాటుకు కట్టిన ఖరీదు ఆ కథలోని అసలు ఆలోచన.

ఇది తీసింది ఎవరో మూఢవిశ్వాసి అయితే గొడవ లేదు. సరిగ్గా ముందటేడు, 1960లో, 'దేవి' తీసినవాడు. మామగారికి కలొచ్చిందని కోడలిని కాళీమాతగా కూర్చోబెట్టి పూజిస్తే, ఆ పిల్ల మతి ఎలా చెదిరిందో చూపిన సినిమా అది. 1965లో దొంగబాబా మీద 'మహాపురుష్', 1989లో గుడి తీర్థంలో రోగాలున్నాయని చెప్పిన డాక్టరు మీద 'గణశత్రు' తీశాడు. మనవాళ్ళు సభల్లో చూపించవలసిన సినిమాలు ఈ మూడూ. అలాంటి రాయ్ కూడా దెయ్యం కథ దగ్గరకు వచ్చేసరికి తెర అడిగిందే ఇచ్చాడు.

టాగూర్‌ను మరీ మనవాడిని చేసుకోవడానికీ వీల్లేదు. 1929 చివర్లో ఉమాదేవి అనే యువతిని మీడియంగా కూర్చోబెట్టి ఆయన ప్లాంచెట్ ఆడాడు. పోయిన భార్యతో, చిన్న కొడుకు శమీంద్రనాథ్‌తో మాట్లాడుతున్నానని అనుకున్నాడు. పిలిచిన 'ఆత్మల్లో' సత్యజిత్ రాయ్ తండ్రి సుకుమార్ రాయ్ కూడా ఉన్నాడు. వయసు అరవై ఎనిమిది, ఎన్నో చావులు చూసిన మనిషి. కథలో ఉన్నంత సందేహం జీవితంలో నిలుపుకోలేకపోయాడు. కథ చెప్పేది ఒకటి, కథకుడు చేసేది ఒకటి కావచ్చు. అందుకే మనిషిని కాక రాతనే సాక్ష్యంగా చూడాలంటాను.

మరి తెరమీద దెయ్యాన్ని చూపిస్తూనే నమ్మకం పెంచకుండా ఉండలేమా? ఉండొచ్చు, రాయే చూపించాడు. 1969లో తాత ఉపేంద్రకిశోర్ కథ నుంచి తీసిన 'గూపీ గాయెన్ బాఘా బాయెన్'లో దెయ్యాల నాట్యం ఉంది. రాజులు, సామాన్య జనం, తెల్లదొరలు, బొజ్జల పెద్దమనుషులు అని నాలుగు తరగతుల దెయ్యాలు. ఆరున్నర నిమిషాల పాటు నాట్యం చేసి చివరికి తమలో తాము కొట్టుకుంటాయి. ఒక్కో తరగతికి ఒక్కో వాయిద్యం: మృదంగం, కంజీర, ఘటం, మోర్సింగ్. మన కచేరీల్లో వినిపించే తాళవాద్యాలు బెంగాలీ దెయ్యాలకు ఎక్కాయి! ఈ దెయ్యాలను చూసి ఎవరూ తాయెత్తు కట్టించుకోరు. అవి బెంగాల్ చరిత్ర. 2012లో అనీక్ దత్తా తీసిన 'భూతేర్ భవిష్యత్' కూడా అదే బాట. పాత భవనాలను బిల్డర్లు పడగొడుతుంటే దెయ్యాలకు ఇళ్ళు కరువవుతాయి. కలకత్తా జనం కడుపుబ్బ నవ్వారు, ఏ భూతవైద్యుడికీ గిరాకీ పెరగలేదు. దెయ్యాన్ని వేళాకోళంగానో చరిత్రగానో చూపితే ప్రమాదం లేదు. 'ఇది నిజంగా జరిగింది' అన్న అట్ట అంటించినప్పుడే చిక్కు.

ఆటల వైపు కూడా ఒక మాట. సందేహం పోవడానికి దెయ్యమే అక్కర్లేదు. 1989లో జపాన్‌లో కియోషి కురొసావా 'స్వీట్ హోం' అనే దెయ్యపు ఇంటి సినిమా తీశాడు. అదే ఏడాది క్యాప్‌కామ్ కంపెనీ దానిమీద ఆట చేసింది. ఆ ఆటను కొత్తగా చేయబోయి 1996లో 'రెసిడెంట్ ఈవిల్' తయారుచేసింది, 2002లో అది మళ్ళీ సినిమా అయింది. మొదటి ఇంట్లో ఉన్నది ఆత్మ, చివరి ఇంట్లో ఉన్నది మందుల కంపెనీ ప్రయోగశాలలోంచి వచ్చిన వైరస్. ఆత్మ పోయి వైరస్ వచ్చింది కాబట్టి ఇది సైన్సు అనుకునేవాళ్ళున్నారు. చచ్చినవాళ్ళు లేచి నడుస్తున్నంతకాలం పేరు మార్చితే ఒరిగేదేముంది? తెల్లచీరకు బదులు తెల్లకోటు, అంతే.

మన దక్షిణాది నుంచి బయలుదేరి బెంగాల్ దాకా వెళ్ళిన దెయ్యం కథ ఒకటుంది. 1993 మలయాళం 'మణిచిత్రతాళు'. అందులో దెయ్యం లేదు. గంగ అనే స్త్రీకి మానసిక రుగ్మత, దాన్ని కనిపెట్టేది సైకియాట్రిస్టు. కాకపోతే వైద్యంలో తాంత్రికుడి సాయం కూడా తీసుకుంటాడు, అక్కడ నాకు పేచీ ఉంది. ఈ కథ కన్నడంలో 'ఆప్తమిత్ర', తమిళంలో 'చంద్రముఖి', 2007లో హిందీలో 'భూల్ భులయ్యా' అయింది. గమనించారా, ప్రతిచోటా ఆవహించే ఆడది పరాయి భాష మాట్లాడుతుంది! మలయాళంలో తమిళ నర్తకి, తమిళంలో తెలుగు నర్తకి, హిందీలో బెంగాలీ నర్తకి మంజులిక. దెయ్యం ఎప్పుడూ పక్కవాళ్ళదే. హిందీలో విద్యాబాలన్ బెంగాలీ మాట్లాడి భయపెట్టింది, అక్షయ్ కుమార్ జబ్బని తేల్చాడు. మొదటి సినిమాలో మంజులిక ఒక మనోరోగి ఊహ. 2022లో రెండో భాగం వచ్చేసరికి మంజులిక నిజమైన క్షుద్రశక్తి! చేతబడి, ఆత్మ, అన్నీ వచ్చాయి. 2024లో మూడోదాన్ని బెంగాల్లోనే పెట్టి తీశారు. డాక్టరు పదిహేనేళ్ళలో మాయమైపోయాడు, పేరు మాత్రం మిగిలింది. మార్కెట్లో అమ్ముడుపోయేది మంజులిక, రోగనిర్ధారణ కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ ఉందని చెప్పకపోతే తప్పు. అబ్రహాం కోవూర్ తాను పరిశోధించిన కేసులను రాసిపెట్టాడు. అందులో ఒకటి 1972లో 'పునర్జన్మం' పేరుతో మలయాళ సినిమా అయింది, తర్వాత తమిళంలోనూ తీశారు. హేతువాది కేసు డైరీ సినిమా కథ కావడం మన దేశంలో అరుదు. అన్నట్టు కోవూర్ చదివింది కలకత్తా బంగబాసి కాలేజీలో. సెలవులకు వెళ్ళేటప్పుడు గంగాజలం తెమ్మని ఊరివాళ్ళు అడిగితే, దగ్గరి ఏటినీళ్ళు పట్టి ఇచ్చాడని, వాటితోనే జబ్బులు తగ్గాయని జనం చెప్పుకున్నారని ఆయనే చెప్పేవాడు. ఇదే కలకత్తాలో 1985లో ప్రబీర్ ఘోష్ యుక్తివాది సమితి పెట్టి, 'అలౌకిక్ నయ్, లౌకిక్' పుస్తకాలు రాసి, బాబాల కిటుకులు వీధిలో విప్పి చూపించాడు. 2023 ఏప్రిల్‌లో పోయాడు.

ఇదంతా సినిమా గొడవ, మనకెందుకు అనే మిత్రులుంటారు. వాళ్ళు బేగున్‌కోదర్ సంగతి వినాలి.

పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలో, కలకత్తా గార్డెన్ రీచ్‌లో ప్రధాన కార్యాలయమున్న సౌత్ ఈస్టర్న్ రైల్వేలో, బేగున్‌కోదర్ చిన్న స్టేషన్. 1960లో తెరిచారు. 1967లో ఒక రైల్వే ఉద్యోగి పట్టాల మీద తెల్లచీర కట్టిన ఆడదెయ్యాన్ని చూశాడన్న కథ బయలుదేరింది. తర్వాత అతని చావును కూడా దానికే అంటగట్టారు. సిబ్బంది అక్కడ పనిచేయమన్నారు, రైళ్ళు ఆగడం మానేశాయి, స్టేషన్ మూతపడింది. ఎన్నాళ్ళు? 42 ఏళ్ళు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లలు పెద్దవాళ్ళై, వాళ్ళకు పిల్లలు పుట్టేదాకా, కళ్ళెదుట వెళ్ళే రైలు ఎక్కడానికి వేరే ఊరు పోవలసి వచ్చింది. రోగి అయినా, చదువుకునే పిల్లవాడైనా, కూరగాయలు అమ్ముకునేవాడైనా. అడవిలాంటి చోటికి బదిలీ తప్పించుకోవడానికి ఉద్యోగులే ఈ కథ పుట్టించారని ఆ జిల్లాకు చెందిన అప్పటి పార్లమెంటు సభ్యుడు బాసుదేవ్ ఆచార్య అభిప్రాయపడ్డాడు. ఊరివాళ్ళు కమిటీ వేసుకుని ఏళ్ళ తరబడి తిరిగితే 2009లో, మమతా బెనర్జీ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు, మళ్ళీ తెరిచారు.

ఇక్కడ మన మూడు మెట్లూ కనబడతాయి. టాగూర్ కథలో లాగే ఇక్కడా చెప్పినవాడెవడో సరిగా తెలియదు. కానీ 'ఆ పేరు గలవాడిని నేనే, ఇదంతా తప్పు' అని చెప్పడానికి ఫణిభూషణ్ రాలేదు. తర్వాత టీవీ చానెళ్ళు, యూట్యూబువాళ్ళు పచ్చరంగు రాత్రి కెమెరాలతో దిగారు. అచ్చం ఆటలో లాగా చేతిలో టార్చి, ముందు చీకటి, వెనక సంగీతం. స్టేషన్ తెరిచినా కథ మూతపడలేదు. రాత్రి గడపడానికి పట్నాల నుంచి కుర్రాళ్ళు రావడం మొదలైంది.

2017 డిసెంబరు చివర్లో పశ్చిమబంగ విజ్ఞాన్ మంచ్ సభ్యులు కొందరు పరికరాలు తీసుకుని ఆ స్టేషన్‌లో ఒక రాత్రంతా కూర్చున్నారు. అర్ధరాత్రి దాటాక స్టేషన్ వెనకనుంచి వింత చప్పుళ్ళు వినిపించాయి. వాళ్ళు పారిపోకుండా ఆ వైపు టార్చి వేశారు. నలుగురైదుగురు మనుషులు లేచి పరుగెత్తారు. దెయ్యం చూడటానికి వచ్చేవాళ్ళ దగ్గర డబ్బులు రాబట్టుకునే స్థానికులని విజ్ఞాన్ మంచ్ వాళ్ళు చెప్పారు.